ఎనిమిది ఔట్ల దూరం

2025 అక్టోబర్ 20 తర్వాత కనిపించిన తెలుగువాళ్లందరూ నన్ను ఒకటే అడుగుతూ వచ్చారు, "మీవాళ్లు ఓడిపోయారటగా?" అని. అవును, ఓడిపోయారు. బేస్‌బాల్‌లో అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో టొరంటో బ్లూ జేస్ 4, మా సియాటిల్ మెరైనర్స్ 3. ఇంకో ఎనిమిది ఔట్లు తీసి ఉంటే, 1977లో మొదలైన మా టీమ్ మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే ఆఖరి ఫైనల్, ఆడేది. మేజర్ లీగ్‌లో, అంటే ఈ ఆట అత్యున్నత స్థాయిలో, ఉన్న 30 టీమ్‌లలో ఇప్పటిదాకా ఆ గడప తొక్కనిది మాదొక్కటే. ఆ బాధ నాకింకా తగ్గలేదు. అయినా ఆ ఒక్క రాత్రి మాట చెప్పి ఏడు నెలల్ని కొట్టిపారేస్తుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. ఆ ఏడు నెలలూ నేను వాళ్లతోనే గడిపాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. ఉండేది సియాటిల్‌కి ఉత్తరాన బాథెల్‌లో. ఒక ఫార్మసీలో పని, ఎక్కువగా సాయంత్రం షిఫ్ట్. మా కాలనీలో తెలుగువాళ్లకి లోటేం లేదు. శని, ఆదివారాల్లో అందరూ టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకుంటారు, మా ఆయన కూడా. బేస్‌బాల్ అంటే వాళ్లకి విసుగు. "గంటలు గంటలు ఏమీ జరగదు కదమ్మా" అంటారు. వాళ్లు చూసేది ఎప్పుడో ఒక మ్యాచ్. బేస్‌బాల్ ఒక్క మ్యాచ్‌తో అంతుపట్టే ఆట కాదు. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడతారు. అంటే దాదాపు రోజూ. మంగళవారం ఆట, బుధవారం ఆట, గురువారం విమానం ఎక్కి ఇంకో ఊరు, శుక్రవారం మళ్లీ ఆట. షాపులో మందులు లెక్కపెట్టి ఇంటికి బయల్దేరేసరికి కారు రేడియోలో ఆరో ఇన్నింగ్సో ఏడో ఇన్నింగ్సో నడుస్తూ ఉంటుంది. రిక్ రిజ్ గొంతు పెరిగి "గుడ్‌బై బేస్‌బాల్!" అని కామెంటరీలో అన్నాడంటే హోమ్‌రన్, మన సిక్సర్ లాంటిది, పడిందన్నమాట. చిన్నప్పుడు నాన్న ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని స్కోరు వినేవారు. కంటికి కనిపించని ఆటని చెవితో చూడటం నాకు అప్పటి నుంచే అలవాటు.

నాకు ఈ ఆట నేర్పింది మా ఫార్మసీలో పెద్దావిడ. కింగ్‌డోమ్ స్టేడియం ఉన్న రోజుల నుంచీ మెరైనర్స్‌ని చూస్తోంది. 1995లో మా ఎడ్గర్ మార్టినెజ్ డబుల్ (రెండు బేస్‌ల దెబ్బ) కొట్టి న్యూయార్క్ యాంకీస్‌ని ఇంటికి పంపిన రోజు గురించి చెప్పేటప్పుడు ఆవిడ చేతిలో పని ఆగిపోతుంది. స్కోరుబుక్ రాయడం కూడా ఆవిడే నేర్పింది. ఇది తెలియనివాళ్లకి కొంచెం వివరంగా చెప్పాలి.

మైదానంలో ప్రతి స్థానానికీ ఒక నంబర్ ఉంటుంది. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఆపైన వెనకాల ఉండే ముగ్గురూ ఎడమ నుంచి కుడికి 7, 8, 9. ఇవి జెర్సీ మీది నంబర్లు కావు. బంతి షార్ట్‌స్టాప్ దగ్గరికి వెళ్లి, అక్కణ్ణించి సెకండ్ బేస్‌కీ, అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కీ వెళ్లి ఇద్దరు ఔటైతే 6-4-3 అని రాస్తాం. బ్యాటర్ బ్యాట్ తిప్పి మూడో స్ట్రైక్ తప్పితే, అంటే స్ట్రైకౌట్ అయితే, ఇంగ్లిష్ అక్షరం కే. బ్యాట్ కదపకుండా చూస్తూ నిలబడి ఔటైతే అదే కే అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో చిన్న గడి, గడి మధ్యలో వజ్రం బొమ్మ. మైదానంలో నాలుగు బేస్‌లూ ఆ ఆకారంలోనే ఉంటాయి. నాలుగోది హోమ్, అక్కడికి చేరితే ఒక పరుగు. ఎంతవరకు పరిగెడితే అంతవరకు గీత. పరుగు పూర్తయితే వజ్రాన్ని పెన్సిల్‌తో నింపేయాలి. మొత్తం మ్యాచ్ రెండు పేజీల్లో పడుతుంది. ఏడాది తర్వాత తిరగేసినా ఏ బంతికి ఏం జరిగిందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

నా పుస్తకంలో మే 31 పేజీ ఒకటుంది. మిన్నెసోటా ట్విన్స్‌తో మ్యాచ్. కోల్ యంగ్ అనే కుర్రాడికి మేజర్ లీగ్‌లో అదే మొదటి రోజు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో అయిపోయే మ్యాచ్ స్కోరు సమం కావడంతో పదకొండో ఇన్నింగ్స్‌కి వెళ్లింది. బ్యాటింగ్‌కి వచ్చి నేలబారుగా ఒక బంతి కొట్టాడు. పెద్ద దెబ్బేం కాదు. ఫీల్డర్ దాన్ని అందుకుని హోమ్‌కి విసిరేలోపు థర్డ్ బేస్ మీదున్న మనిషి జారుతూ వచ్చి పడ్డాడు. మెరైనర్స్ గెలిచారు. ఆ గడిలో 'ఫీల్డర్స్ ఛాయిస్' (బ్యాటర్‌ని వదిలి ఇంకొకణ్ణి ఔట్ చేయాలని ఫీల్డర్ చూడటం) అని పొడి అక్షరాలు రెండు, పక్కనే పెన్సిల్ గట్టిగా నొక్కడం వల్ల పడిన చిల్లు. ఆ కుర్రాడికి మొదటి రోజే తోటి ఆటగాళ్లు మీదపడి స్నానం చేయించినంత పని చేశారు. నాకు అంత సంతోషం ఎందుకంటే, ఈ అబ్బాయిని 2023లో ఎవరెట్‌లో చూశాను.

ఎవరెట్ నా రెండో టీమ్. అసలు నన్నడిగితే మొదటిదే అంటాను. మా ఇంటి నుంచి ఉత్తరానికి వెళ్తే కాసేపట్లో ఫంకో ఫీల్డ్ వస్తుంది. ఎవరెట్ ఆక్వాసాక్స్ అక్కడే ఆడతారు. వీళ్లు మెరైనర్స్‌కి చెందిన చిన్న లీగ్ టీమ్. ఇక్కడ బాగా ఆడితే డబుల్-ఏ అని ఆర్కాన్సాకి, అక్కడ నెగ్గుకొస్తే ట్రిపుల్-ఏ అని టకోమాకి, ఆపైన సియాటిల్‌కి. మెరైనర్స్ స్టార్లు క్యాల్ రాలీ 2018లో, హూలియో రోడ్రిగెజ్ 2021లో ఇక్కడ ఆడి వెళ్లినవాళ్లే. పెద్ద స్టేడియంలో ముఖాలు స్క్రీన్ మీదే కనిపిస్తాయి. ఇక్కడ ఫీల్డర్ చెమట తుడుచుకోవడం దగ్గర నుంచీ కనిపిస్తుంది, పిచర్ తనలో తాను గొణుక్కోవడం వినిపిస్తుంది. ఊరూరూ బస్సుల్లో తిరిగే ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు. వీళ్లలో చాలామంది మేజర్ లీగ్ ముఖం చూడరు. అది వాళ్లకీ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. అయినా ప్రతి బంతికీ ప్రాణం పెడతారు.

2025లో ఎవరెట్‌లో జురాంజెలో సైంజా ఆడాడు. రెండు చేతులతోనూ బంతి విసిరే పిచర్. 2024 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, మెరైనర్స్ మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు. అతని గ్లవ్‌కి రెండు పక్కలా బొటనవేలు పట్టేలా ఆరు వేళ్లుంటాయి. ఏ చేతికైనా తొడుక్కోవచ్చు. కుడిచేత్తో వేగం ఎక్కువ, ఎడమచేత్తో వేసేటప్పుడు ఒళ్లు కాస్త వంగి బంతి పక్కనుంచి వస్తుంది. ఒకే మనిషేనా అనిపిస్తుంది. ఇతని లాంటి వాళ్ల కోసం రూల్ కూడా ఉంది. బ్యాటర్ రాగానే ఏ చేత్తో వేస్తాడో ముందే అంపైర్‌కి చూపించాలి, ఆ బ్యాటర్ వెళ్లేదాకా మార్చకూడదు. మా అబ్బాయి ఆ మ్యాచ్ చూసినప్పటి నుంచి ఇంటి వెనకాల ఎడమచేత్తో బంతి విసరడం మొదలుపెట్టాడు. కంచె అవతలి వాళ్లకి రోజూ సారీ చెప్పే పని నాకు పడింది. సీజన్ సగం దాటాక సైంజాని ఆర్కాన్సాకి పంపారు. ఎవరెట్‌లో అభిమానం అంటే ఇంతే. బాగా ఆడితే వెళ్లిపోతారు, వెళ్లిపోవాలనే మనం కోరుకుంటాం.

మే నెలలో అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. ఆవిడకి అంతకుముందు బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. సాయంత్రాలు టీవీ ముందు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేవారు. జూన్ వచ్చేసరికి, నేను షిఫ్ట్ నుంచి రాగానే, "ఏమ్మా, మన వికెట్‌కీపర్ ఇవాళ కొట్టాడు తెలుసా" అని ఎదురొచ్చి చెప్పే స్థితికి వచ్చారు. వికెట్‌కీపర్ అంటే క్యాల్ రాలీ, మా క్యాచర్.

క్యాచర్ పని ఎంత కష్టమో అత్తయ్యగారికి నాకన్నా ముందు అర్థమైంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. "రోజూ అన్నిసార్లు గొంతుక్కూర్చుని లేస్తున్నాడు, వాడి మోకాళ్లు ఏం కావాలి?" అనేవారు. నిజమే. ఒక మ్యాచ్‌లో క్యాచర్ వంద, నూట యాభై బంతులకి గొంతుక్కూర్చుంటాడు. బ్యాట్‌ని రాసుకుని వచ్చిన బంతులు భుజానికీ మాస్క్‌కీ తగులుతుంటాయి. అందుకే క్యాచర్లు బ్యాటింగ్‌లో పెద్దగా కొట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు. రాలీ 2025 సీజన్‌లో 60 హోమ్‌రన్లు కొట్టాడు. క్యాచర్లలో ఇంతకుముందు రికార్డు సాల్వడోర్ పెరెజ్ 48. కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాళ్లలో 1961 నుంచి చెక్కుచెదరని మికీ మ్యాంటిల్ రికార్డు 54. మెరైనర్స్‌లో కెన్ గ్రిఫీ జూనియర్ రికార్డు 56. మూడూ ఒక్క ఏడాదిలో దాటేశాడు. జూలైలో అట్లాంటాలో జరిగిన హోమ్‌రన్ డెర్బీ పోటీ కూడా గెలిచాడు. అక్కడ అతనికి బంతులు వేసింది వాళ్ల నాన్న, వెనకాల పట్టింది పదిహేనేళ్ల తమ్ముడు. అది చూసి అత్తయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. నవంబర్‌లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు యాంకీస్ ఆటగాడు ఏరన్ జడ్జ్‌కి ఇచ్చారు. మొదటి స్థానం ఓట్లు జడ్జ్‌కి 17, రాలీకి 13. జడ్జ్ గొప్ప బ్యాటర్, కాదనను. కానీ ఆ మోకాళ్లతో, ఆ బరువు మోస్తూ అరవై కొట్టినవాడికి రావలసింది అది. నా మాట మార్చుకోను.

జూలై చివర్లో అరిజోనా నుంచి ఇద్దరు వచ్చారు, జాష్ నేలర్, యుహేనియో స్వారెజ్. నేలర్ బొద్దుగా ఉంటాడు, లీగ్‌లో బాగా నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలో ఒకడు. అలాంటివాడు సీజన్ మొత్తం మీద 30 బేస్‌లు దొంగిలించాడు, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తాడు. సియాటిల్ వచ్చాక ఒక్కసారి కూడా దొరకలేదు. ఇక్కడ కాళ్ల కన్నా కళ్లు ముఖ్యం. పిచర్ ఎప్పుడు ఏమరుపాటుగా ఉంటాడో, ఏ బంతికి చెయ్యి ఆలస్యంగా కదుపుతాడో చూస్తాడు. అతను బయల్దేరాడని వాళ్లు గ్రహించేసరికి సెకండ్ బేస్ మీద దుమ్ము దులుపుకుంటూ నిలబడి ఉంటాడు.

ఆగస్టులో మాత్రం టీమ్ బాగా డీలా పడింది. ఫిలడెల్ఫియాలో మూడు మ్యాచ్‌లకి మూడూ పోయాయి. ఆ వారం రేడియో కట్టేద్దామనుకుని కూడా కట్టలేకపోయాను. పనిలో పెద్దావిడ, "ఓడేటప్పుడు వినేవాళ్లకే గెలుపు రుచి తెలుస్తుంది" అనలేదు, అలాంటి మాటలు ఆవిడ అనదు. "ఇంకా ముప్పై అయిదు మ్యాచ్‌లున్నాయి, ఆ ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేశావా?" అంది. అంతే.

సెప్టెంబర్ వచ్చింది. ఇక ఆ నెల గురించి ఎంత చెప్పినా తక్కువే. 18 మ్యాచ్‌లలో 17 గెలిచారు. హ్యూస్టన్ వెళ్లి, ఏళ్ల తరబడి మమ్మల్ని తొక్కిపట్టిన ఆస్ట్రోస్‌ని వాళ్ల ఇంట్లోనే మూడుకి మూడూ ఓడించారు. రెండో మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌లో విక్టర్ రోబ్లెస్ ముందుకి దూకి నేల మీద పడుతూ క్యాచ్ పట్టాడు. పట్టి, లేచి, బంతిని సెకండ్ బేస్‌కి విసిరాడు. బేస్ వదిలి ముందుకెళ్లిన రన్నర్ వెనక్కి రాలేకపోయాడు. డబుల్ ప్లే, మ్యాచ్ అయిపోయింది. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. పోపు మాడిపోయింది.

సెప్టెంబర్ 24న మేమందరం స్టేడియానికి వెళ్లాం. లిన్‌వుడ్‌లో కారు పెట్టి రైలెక్కితే నేరుగా స్టేడియం దగ్గర దిగొచ్చు. రైల్లో ఎక్కడ చూసినా నీలం, ఆకుపచ్చ జెర్సీలే. కొలరాడో రాకీస్‌తో మ్యాచ్. గెలిస్తే 2001 తర్వాత మొదటిసారి మా డివిజన్‌లో (లీగ్‌లో మా అయిదు టీమ్‌ల గుంపు) మొదటి స్థానం మాది. మొదటి ఇన్నింగ్స్‌లోనే రాలీ కొట్టాడు, 59. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ కొట్టాడు, 60. మేజర్ లీగ్ చరిత్రలో అరవై కొట్టిన ఏడో మనిషి. 1927లో బేబ్ రూత్ కొట్టిన లెక్క అది. బంతి వెళ్తుండగానే జనం లేచారు. మా పక్కన కూర్చున్న ముసలాయన ఎవరో తెలియదు, అత్తయ్యగారి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఆవిడ కూడా ఊపారు. 9-2తో గెలిచాం.

లీగ్ ఫైనల్‌కి ముందు రౌండ్‌లో, అక్టోబర్ 10 రాత్రి డెట్రాయిట్ టైగర్స్‌తో అయిదో మ్యాచ్. గెలిచినవాళ్లు ముందుకి, ఓడినవాళ్లు ఇంటికి. టైగర్స్ పిచర్ టారిక్ స్కూబల్ 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అందులో వరసగా ఏడుగురు. నా పుస్తకంలో ఆ పేజీ నిండా కే అక్షరాలే. స్కూబల్ దిగాక ఏడో ఇన్నింగ్స్‌లో లియో రివాస్ సింగిల్ కొట్టి 2-2 చేశాడు. ఆ రోజు అతని పుట్టినరోజు. ఆ తర్వాత ఎవరూ కొట్టలేదు. పది, పదకొండు, పన్నెండు, పదమూడు. మామూలుగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు లోగన్ గిల్బర్ట్, లూయిస్ కాస్టియో కూడా మధ్యలో వచ్చి వేశారు. మధ్యలో చేపల పరుగు జరిగింది. చేప వేషాలు వేసుకున్న నలుగురు మైదానం అంచున పరిగెత్తుతారు. అందులో హంపీ అనే గులాబీ చేప అంతవరకు ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ రాత్రి గెలిచింది. మా అబ్బాయి "అమ్మా, ఇంక మనమే" అన్నాడు. పదిహేనో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా హోర్హే పొలాంకో బంతిని కుడివైపుకి కొట్టాడు. జె.పి. క్రాఫర్డ్ హోమ్ తొక్కాడు. దాదాపు అయిదు గంటల మ్యాచ్. నా స్కోరుబుక్‌లో గడులు చాలక మార్జిన్‌లో గీసుకున్నాను.

ఇక లీగ్ ఫైనల్. నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే సిరీస్. టొరంటోలో మొదటి రెండూ గెలిచాం. ఇంటికొచ్చి రెండు ఓడాం. అయిదో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాలీ స్కోరు సమం చేస్తే, అదే ఇన్నింగ్స్‌లో స్వారెజ్ గ్రాండ్ స్లామ్, అంటే బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్‌రన్, కొట్టాడు. ఇంకొక్కటి చాలు. ఆరోది పోయింది. ఏడోది అక్టోబర్ 20, సోమవారం. దీపావళి.

సాయంత్రం అయిదు దాటాక మ్యాచ్ మొదలైంది. అత్తయ్యగారు బూరెలు వండుతున్నారు. మూడో ఇన్నింగ్స్‌లో హూలియో హోమ్‌రన్ కొట్టాడు. లక్ష్మీపూజ చేసి, గుమ్మంలో దీపాలు పెట్టాం. అయిదో ఇన్నింగ్స్‌లో రాలీ కొట్టాడు. 3-1. అప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు, మాట్లాడితే దిష్టి తగులుతుందేమోనని. ఏడో ఇన్నింగ్స్‌లో మా పిచర్ బ్రయన్ వూ నాలుగు చెడ్డ బంతులు వేసి ఒకణ్ణి ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపాడు, ఇంకొకడు సింగిల్ కొట్టాడు. బంతిని బ్యాట్‌తో మెల్లగా ఆనించే బంట్‌తో ఇద్దరూ ఒక్కో బేస్ ముందుకి జరిగారు. ఒక ఔట్. మేనేజర్ డాన్ విల్సన్ లేచి వచ్చి ఎడువార్డ్ బజార్డోని పిలిచాడు. బ్యాటింగ్‌కి వచ్చింది జార్జ్ స్ప్రింగర్, అయిదో మ్యాచ్‌లో మోకాలి చిప్పకి బంతి తగిలి దిగిపోయినవాడు. బజార్డో వేసిన సింకర్‌ని, అంటే కిందికి జారే బంతిని, ఎడమవైపు స్టాండ్స్‌లోకి కొట్టేశాడు. 4-3. ఆఖరి ఔట్ హూలియో, స్ట్రైకౌట్.

దీని గురించి నా అభిప్రాయం చెప్తాను. అక్కడ ఆంద్రెస్ మున్యోజ్‌ని పిలవాలి. మా బుల్‌పెన్‌లో, అంటే మధ్యలో వచ్చి వేసేవాళ్లలో, అందరికన్నా మెరుగైన పిచర్ అతను. మామూలుగా తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచుకుంటారు, విల్సన్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పంపాడు. కానీ ఏడో మ్యాచ్‌లో, ఇద్దరు బేస్‌ల మీద ఉండి, ఎదురుగా స్ప్రింగర్ ఉంటే అదే తొమ్మిదో ఇన్నింగ్స్. విల్సన్ వైపు నుంచి చూస్తే, బజార్డో ఏడాది పొడుగునా ఇలాంటి చిక్కుల్లోంచి బయట పడేశాడు, నమ్మినవాణ్ణే పిలిచాడు. ఆ నమ్మకంతోనే సెప్టెంబర్ గెలిచాం. అది నాకు అర్థమవుతుంది. అయినా మున్యోజ్‌నే పిలవాలి. పనిలో పెద్దావిడ నాతో ఏకీభవించదు, మేమిద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. బజార్డోని మాత్రం ఒక్క మాట అననివ్వం.

ఎదురింటాయన మర్నాడు "ఇంత ఆడి ఏం లాభం?" అన్నాడు. మే 31 కోల్ యంగ్‌ది, హ్యూస్టన్‌లో రోబ్లెస్‌ది, అక్టోబర్ 10 రివాస్‌ది, పొలాంకోది. అత్తయ్యగారు తన మోకాళ్లతో రాలీ మోకాళ్లని తలచుకున్న సాయంత్రాలు. వీటన్నిటినీ స్ప్రింగర్ వచ్చి ఎలా తీసుకుపోతాడు? ఆయనకి ఇదంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు.

నవంబర్‌లో అత్తయ్యగారు తెనాలి వెళ్లిపోయారు. ఆ నెలలోనే నేలర్ అయిదేళ్లకి మళ్లీ సంతకం చేశాడు. ఫోన్ చేసి చెప్తే, "ఆ బొద్దబ్బాయి ఉంటున్నాడా, మంచిది. మరి ఆ రాత్రి గెలిపించినవాడో?" అని అడిగారు. పొలాంకో న్యూయార్క్ మెట్స్‌కి వెళ్లిపోతున్నాడని డిసెంబర్‌లో తెలిసింది. ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు, మా అబ్బాయి చెప్పాడు. దాంతో సెకండ్ బేస్‌లో ఎవరుంటారన్నది ప్రశ్న అయింది. బయటి నుంచి ఎవరినో కొంటారని వార్తలు వచ్చాయి. నేనైతే కోల్ యంగ్‌కే ఇవ్వమన్నాను. ఎడమచేతి పిచర్ల మీద అప్పటికింకా తడబడేవాడు, తెలుసు. ఒక ఏప్రిల్, ఒక మే పూర్తిగా వదిలేస్తే కుదురుకుంటాడనుకున్నాను. రెండు నెలల ఓపిక మాకు లేకపోలేదు.